కడ్డీకి తల ఎటు

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. నేను అక్షరాలు దిద్దుకున్నది మనవలు బడికి పోవడం మొదలుపెట్టాక. ఒత్తులు మరిచిపోతుంటాను. శ, ష, స మూడూ నా చెవికి ఒకటే. చేయి కూడా నిదానం, మీరు గుక్కలో చదివేసే పేజీకి నాకు ఒక పూట పడుతుంది. ఈ కథలో కోడలే నాకు అక్షరాలు నేర్పింది. లెక్క సంగతులన్నీ ఆవిడ చెప్పగా రాసినవి. వాటిలో ఏదైనా తేడా ఉంటే నేను సరిగ్గా వినలేదని అర్థం.

ఆ ఇంట్లో ఉండేది మామగారు, అత్తగారు, కొడుకు, కోడలు. నలుగురిలో ముగ్గురికి ఒకటే ఫ్యాక్టరీ. అక్కడ సిలికాన్‌ని కొలిమిలో కరిగించి, ఆ కరుగులోంచి నిదానంగా గడ్డకట్టించుకుంటూ చేయి పొడవు కడ్డీని పైకి లాగుతారు. ఆ కడ్డీని పలచని బిళ్లలుగా కోస్తారు. ఫోన్లలోకీ మీటర్లలోకీ పోయే చిప్పులు ఆ బిళ్లల మీదే తయారవుతాయి. మామగారు ఆ ఫ్యాక్టరీకి పెద్ద. కొడుకుది కోత యంత్రం, అందుకని తోటివాళ్లు అతన్ని రంపం అనేవారు, ఎదురుగా మాత్రం కాదు. కోడలిది లెక్క. ఆమె పేరు అక్కడ ఎవరికైనా గుర్తుందో లేదో గాని అందరికీ లెక్కలమ్మాయే.

పొద్దున ముగ్గురూ ఒకే కారులో వెళ్లేవారు. మామగారు నడిపేవారు, కొడుకు ఆయన పక్కన, కోడలు వెనక. వెనక తలుపులు లోపలి నుంచి తెరుచుకునేవి కావు. పిల్లలు తీసుకోకుండా వేసే గొళ్లెం ఎవరు వేశారో, ఎప్పుడు వేశారో, తీయాలన్న ధ్యాస ఎవరికీ రాలేదు. ఆయన దిగి, చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీసేదాకా ఆమె బొమ్మలా కూర్చునేది. ఆయన ఎంతో మర్యాదగా తీసేవారు, "దిగమ్మా" అనేవారు. అక్కడినుంచి కిటికీలు లేని గదుల్లోకి. దుమ్ము పడితే కడ్డీ పాడవుతుందని గోడలకి రంధ్రమన్నది లేకుండా కట్టారు. తెల్ల అంగీ, తల మీద టోపీ, మూతికి గుడ్డ. గాలి కూడా గొట్టంలోంచి జల్లెడ పట్టుకుని వచ్చేది.

ఇల్లు చేరితే అక్కడా అంతే. కోడలి గదికీ మామగారి రాత బల్లకీ మధ్య ఒక్క పలచని గోడ. ఆమె వచ్చి బట్టలు మార్చుకుంటూ ఉండగానే గోడ అవతలి నుంచి వినపడేది.

"అమ్మాయ్, నిన్నటి కరుగులో భాస్వరం ఎంత వేశామన్నావు?"

ఆమె గోడకే జవాబు చెప్పేది. మొగుడు మంచం మీద పడుకుని తల కింద చేతులు పెట్టుకుని, "మా నాన్నకి కూడా ఒక దిండు వేద్దామా మధ్యలో" అని గుసగుసగా అనేవాడు.

ఆయన చెడ్డవాడు కాదు. అసలు చిక్కంతా అక్కడే. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు, పుట్టింటికి కబురు పెట్టవచ్చు, కనీసం లోపల తిట్టుకోవచ్చు. కోడల్ని మెచ్చుకునే మామగారి మీద ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పినా వినేవాళ్లు ముక్కున వేలేసుకుంటారు.

ఒకరోజు కూరగాయలు తరుగుతూ అత్తగారు అడిగింది.

"రోజంతా ఏం లెక్కపెడతావమ్మాయ్ అక్కడ?"

"ఎలక్ట్రాన్లు, అత్తయ్యా."

"ఎట్లా ఉంటాయవి?"

"కనపడవు."

"కనపడనివి లెక్కపెట్టడానికి ఒక ఉద్యోగమా. నాలుగు తక్కువొస్తే ఎవరు పట్టుకుంటారు?"

"మామయ్యగారు పట్టుకుంటారు."

"అదీ నిజమేలే. కూరలో ఉప్పు రవ్వ తగ్గినా పట్టుకునే మనిషి."

కోడలికి చెప్పాలనిపించింది. ఆ ఇంట్లో పని గురించి పరీక్ష పెట్టకుండా అడిగింది ఆవిడ ఒక్కతే. సిలికాన్ పరమాణువుకి నాలుగు చేతులనుకోమంది. చుట్టూ ఉన్న నలుగురి చేతులూ పట్టుకుని బిగుసుకుని ఉంటుంది, ఖాళీ చేయి ఎవరికీ ఉండదు, అందుకే ఉత్త సిలికాన్‌లో కరెంటు సరిగ్గా నడవదు. అందులో చిటికెడు భాస్వరం కలుపుతారు. దానికి ఐదు చేతులు. నాలుగు నలుగురికీ ఇచ్చేశాక ఐదోదానికి పట్టుకోవడానికి ఎవరూ మిగలరు. ఆ ఎలక్ట్రాన్ వదులైపోయి తిరుగుతుంది, దాని వల్లే కరెంటు నడుస్తుంది.

"అయితే ఎన్ని భాస్వరం పలుకులు వేస్తే అన్ని ఎలక్ట్రాన్లు. ఇందులో అంత చదువెందుకు?"

"అంతా ఒకేలా పరుచుకోదు కదా. పంచదార నీళ్లు ఫ్రిజ్‌లో పెట్టారనుకోండి. ముందు కట్టిన గడ్డ చప్పగా ఉంటుంది. తీపిని మిగిలిన నీళ్లలోకి నెట్టేస్తుంది. చివర కట్టింది తియ్యగా ఉంటుంది. కడ్డీ కూడా అంతే. ముందు గట్టిపడిన కొస తల, చివరిది తోక. తలలో భాస్వరం తక్కువ, తోకలో దాదాపు మూడింతలు. మధ్యలో ఏ బిళ్లలో ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో కోయకముందే చెప్పడం నా పని."

"ఆ వదులుగా తిరిగేది ఎక్కడికైనా పోవచ్చా?"

"కడ్డీ లోపల ఎక్కడికైనా. బయటికి పోలేదు."

"నా బతుకే" అని నవ్వి, అత్తగారు తరిగిన ముక్కలు గిన్నెలో వేసింది. కోడలికి నవ్వు రాలేదు.

అలాంటి రోజుల్లో కబురు వచ్చింది. అదే ఫ్యాక్టరీ వాళ్లకి వేరే ఊళ్లో ఇంకొకటి ఉంది, అక్కడ లెక్క చూసే మనిషి కావాలి. ఉద్యోగంతో పాటు ఉండడానికి ఇల్లు ఇస్తారు. కొడుకు కోత పని నేర్చుకుని వచ్చింది ఆ ఊళ్లోనే. ఆ ఇళ్లు చూసి వచ్చాడు.

"రెండు గదులు. వంటింట్లో కిటికీ పెద్దది. నిలబడి చూస్తే రోడ్డు మీద పోయేవాళ్లంతా కనపడతారు" అని చెప్పాడు పెళ్లానికి.

"పడక గది గోడ అవతల ఎవరుంటారు?"

"మేడ మెట్లు."

"మెట్లు లెక్కలడగవు కదా."

"అడిగితే నేను సమాధానం చెప్తాను, నువ్వు పడుకో."

వేరు కాపురం అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, అంటే కుండ బద్దలైనట్టే. కాని ఉద్యోగం మీద పోతే ఆ మాట అనే అవసరమే రాదు. కర్ర విరగకుండా పాము చచ్చే దారి అదొక్కటే. ఆమె ఎదురు చూసింది. మామగారు భోజనాల దగ్గర తనంతట తానే ఆ మాట ఎత్తారు.

"ఆ ఊరికి ఎవర్నో ఒకర్ని పంపాలి. కొత్త కడ్డీకి నువ్వు వేసే లెక్క, కొలతతో కలిస్తే నీ పేరే రాస్తానమ్మాయ్. వీణ్ణి కూడా నీ వెంట తోలేస్తాను. కలవకపోతే మాత్రం నాకు మొహం ఉండదు. కోడలు కాబట్టి పంపాడంటారు."

అత్తగారి చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్లీ కదిలింది.

కోడలు ఆ లెక్కని పసిపిల్లకి నీళ్లు పోసినంత జాగ్రత్తగా చేసింది. కరుగు ఎంత, అందులో భాస్వరం ఎంత, గట్టిపడేటప్పుడు ఎంత లోపల ఉంటుంది, ఎంత కరుగులోకి తోసేస్తుంది. భాస్వరం ఒక్కోటి ఒక్కో ఎలక్ట్రాన్‌ని వదిలేస్తుంది. సిలికాన్ తనంతట తాను వదిలేవి ఈ లెక్కలో సముద్రంలో కాకిరెట్ట. మొత్తానికి తేలిందేమిటంటే, పంచదార పలుకంత ముక్క తీసుకుంటే తల దగ్గర లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు, తోక దగ్గర మూడు లక్షల కోట్లు. మధ్య బిళ్లలకి వాటి మధ్య అంకెలు. కాగితం మామగారికి ఇచ్చింది. కడ్డీ కోతకి వెళ్లింది. కొడుకు ఆ ఊరి నుంచి తిరిగొచ్చాక పక్కన ఎవరూ లేకుండా ఒక్కడే కోసిన మొదటి కడ్డీ అది.

కొలిచేది ఒక పెద్దావిడ. ఆవిడ మీటరుకి నాలుగు సూదులుంటాయి. వాటిని బిళ్ల మీద ఆనించి, కరెంటు పంపి, అది ఎంత సులువుగా నడుస్తోందో చూసి, లోపల ఎలక్ట్రాన్లు ఎన్నో తేలుస్తుంది. అందుకని అందరికీ సూదులక్క. నాలిక కూడా సూదే. బిళ్లలన్నీ కొలవరు. మొదటిది, మధ్యది, చివరిది కొలిస్తే చాలు, మిగతావి లెక్కని నమ్ముకుని బయటికి పోతాయి.

"లెక్కలమ్మాయ్, ఇటు రా" అని పిలిచింది సూదులక్క. "చిక్కి ఉంటుందన్నావే, నీ మొదటి బిళ్ల బాగా బలిసింది."

"ఎంత?"

"మూడు. ఆఖరిదేమో ఒకటి. పాపం ఎండిపోయింది."

"మధ్యది?"

"మధ్యది నువ్వు చెప్పినంతే. ఒకటన్నా కలిసిందని సంతోషపడు."

ఆవిడ మళ్లీ కొలిచింది. సూదులు మార్చి కొలిచింది. అవే అంకెలు. మామగారు వచ్చి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"కలవలేదమ్మా" అన్నారు. గొంతులో కోపం లేదు. "రేపు పొద్దున కారణం చెప్పు. కారణం లేకపోతే లెక్క తప్పనే అనుకోవాలి."

సాయంత్రం కారు ఇల్లు చేరింది. ఇంటి దగ్గర ఆయన తలుపు తీసి, "దిగమ్మా. దిగులు పెట్టుకోకు. తప్పులు అందరికీ వస్తాయి" అన్నారు. ఆ ఓదార్పు ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

మేడ మీద ఆరిన బట్టలు తీస్తూ ఆమె తన లెక్కని మొదటి నుంచీ తవ్వుకుంది. భాస్వరం ఎక్కువ పడి ఉంటే మూడు బిళ్లలూ పెరగాలి. తక్కువ పడితే మూడూ తగ్గాలి. కొలిమి వేడిలో తేడా వచ్చినా మధ్యది అంత అచ్చంగా కలవదు. మధ్య కలిసి, రెండు కొసలూ ఒకదాని అంకె ఇంకొకటి పట్టుకుని కూర్చున్నాయి. లెక్కలో తప్పు లేదు, కరుగులో తప్పు లేదు. కడ్డీయే తిరగబడింది.

దుప్పటి సగం మడిచి అలాగే నిలబడిపోయింది. కడ్డీని కోసింది ఎవరో వెతుక్కోవాల్సిన పని లేదు. కాసేపటికి అతనే మెట్లెక్కి వచ్చాడు, దుప్పటి రెండో కొస పట్టుకుని మడత వేయడానికి.

"కోసేటప్పుడు తల ఎటు పెట్టుకున్నావు?" అని అడిగింది. పెద్దవాళ్ల ముందు మీరు, ఇద్దరే ఉన్నప్పుడు నువ్వు, వాళ్ల అలవాటు అది.

"ఎడమకి. తలెప్పుడూ ఎడమకే."

"అది తలని నీకెట్లా తెలిసింది?"

"గంటు లేదుగా. గంటు లేని వైపు తల." ఆకురాయితో కడ్డీ ఒక కొసన చిన్న గంటు పెడతారు. రెండు కొసలూ నరికాక కడ్డీ అటూ ఇటూ ఒకేలా ఉంటుంది, రంగుతో గుర్తు పెడితే ఆసిడ్ కడుగులో పోతుంది. "గంటు తోకకి కదా" అని అతను ఇంకా దుప్పటి లాగుతూనే అన్నాడు.

ఆమె అతని వైపే చూసింది. అతని చేతులు ఆగిపోయాయి.

"ఇక్కడ తలకి పెడతారు" అన్నాడు మెల్లగా.

"ఇక్కడ తలకే. మామయ్యగారి పద్ధతి."

"అక్కడ తోకకి పెట్టేవాళ్లు. చేతికి అదే అలవాటైపోయింది. ఇదివరకు పక్కనున్నవాడు అందించేవాడు, నేను కోసేవాణ్ణి. నేను చూసుకోలేదు."

"నెమ్మదిగా. కింద మామయ్యగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు."

ఇద్దరూ పిట్టగోడకి దూరంగా జరిగారు. అంతకు ముందు ఒకసారి అతను ఒక కడ్డీని బిగింపు ఎక్కువై పగలగొట్టాడు. అప్పుడే తండ్రి అన్నారు, ఇంకొక్కసారి ఇలా జరిగితే నిన్ను నా కళ్ల ముందు నుంచి కదలనివ్వనని. పని నేర్చుకు రమ్మని ఆ ఊరు పంపింది అందుకే. నేర్చుకొచ్చిన పనే ఇప్పుడు కొంప ముంచింది.

"నువ్వే కొసలు తారుమారుగా లెక్కేశావని చెప్తే?" అన్నాడు. అంటూనే తల దించుకున్నాడు. "బిళ్లలకేం కాదు. నీ అంకెలు చివరి నుంచి చదివితే అన్నీ సరిపోతాయి."

"బిళ్లలకేం కాదు. నా పేరు మాత్రం ఆ ఊరికి పోదు."

"నేనని చెప్తే?"

"నిన్ను కదలనివ్వరు. నిన్ను ఇక్కడ ఉంచి నన్నొక్కదాన్నే పంపుతారా?"

"కలలో కూడా పంపరు."

"ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"మనం ఎప్పుడో ఆ రెంటి మధ్యా కాపురం పెట్టాం" అన్నాడు. ఆమెకి నవ్వు వచ్చింది, నవ్వుతోనే కళ్లలో నీళ్లు కూడా. దుప్పటి అంచుతో తుడుచుకుంది.

ఆమెకి ఒక చిన్న సందు కనపడింది. ఒక చోట గంటు తలకి, ఇంకో చోట తోకకి పెట్టడమే తప్పు, మనిషిది కాదు, అని చెప్తే? ఆయన న్యాయం తెలిసిన మనిషి, ఒప్పుకోవచ్చు. రెండు చోట్లా ఒకటే పద్ధతి పెట్టుకోవాలని, అది చెప్పడానికైనా తనని అక్కడికి పంపమని అడగవచ్చు. మాటలన్నీ వరసగా పేర్చుకుంది.

పొద్దున ఫ్యాక్టరీలో ఆమె మామగారి గదికి వెళ్లేసరికి మొగుడు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. ఫ్యాక్టరీలో ఎప్పుడూ సార్ అనేవాడు, ఆ రోజు అనలేదు.

"నాన్నా, కడ్డీ తిప్పి కోసింది నేను. గంటు తోకకి అనుకున్నాను. తన లెక్క తప్పు కాదు. కావాలంటే చివరి నుంచి చూసుకో."

ఆమె పేర్చుకున్న మాటలు నోట్లోనే ఉండిపోయాయి. పెద్దాయన కొలతల కాగితం ముందు పెట్టుకుని, కోడలి లెక్క మీద వేలు కింది నుంచి పైకి జరిపారు. ఒకటికి ఒకటి. మధ్యకి మధ్య. మూడుకి మూడు. వేలు ఆగింది.

"కడ్డీని చూసి పట్టుకుందా?"

"చూడలేదు. మేడ మీద బట్టలు తీస్తూ పట్టుకుంది."

"నిన్ను అడగకముందే?"

"అడగకముందే."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. కోడలు ఆ ముఖం చూసింది. చివాట్లు పెడతారనుకుంది, పెట్టి ఉంటే బాగుండేది. ఆ ముఖం పోయిన వస్తువు దొరికిన మనిషి ముఖంలా వెలిగిపోతోంది.

"పోనీలే" అన్నారు కొడుకుతో. "మనిషన్నాక పొరపడతాడు. నేను ఎన్నాళ్లని నీ వెనకాల తిరగగలను. ఇప్పుడు నాకా భయం లేదు. నువ్వు కొయ్యి, అమ్మాయి చూస్తుంది."

"మామయ్యగారూ, పద్ధతి అక్కడొకటి, ఇక్కడొకటి ఉండబట్టి" అని ఆమె మొదలుపెట్టింది.

"అదీ చూద్దాం. వాళ్లకి ఫోన్ చేసి చెప్తాను, గంటు తలకే పెట్టమని."

"నేను వెళ్లి చెప్పగలను."

"నువ్వెందుకమ్మా? అక్కడికి ఇంకెవరినైనా పంపుతాను. ఇంత పట్టుకునే మనిషిని ఊరు దాటించి నేనేం చేసుకోను?"

"లెక్క కలిస్తే పంపుతానన్నారు."

"అన్నాను."

"కలిసింది కదండీ."

"కలిసిందమ్మా. అచ్చంగా కలిసింది" అన్నారాయన ఎంతో ప్రేమగా. "అందుకే."

కోడలు బల్ల దగ్గరికి జరిగింది. ఆమె రెండు చేతులూ బల్ల అంచు మీద పెట్టింది.

"నేను వెళ్లాలనుకుంటున్నానండీ" అంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక, నాకు ఇది కావాలి అని ఆమె అనడం అదే మొదలు.

"ఎక్కడికమ్మా?" అని అడిగారాయన. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు. కుర్చీలోంచి సగం లేచారు. "ఒంట్లో బాగోలేదా? మొహం అదోలా ఉంది. ఇంటికి దింపమంటావా?"

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. ఇంకొక్క మాట అనవచ్చు. అంటే ఆయన వింటారు కూడా. విని, ఎంతో బాధపడి, మెల్లగా నచ్చచెప్తారు. ఆ నచ్చచెప్పడం భోజనాల దగ్గర, కారులో, గోడ అవతలి నుంచి ఎన్నాళ్లు వినపడుతుందో ఆమె లెక్క వేయగలదు.

"ఏం లేదండీ" అంది.

సాయంత్రం అత్తగారు ఆమెకి పళ్లెంలో అన్నీ రెండేసి వడ్డించింది. "పోతారేమోనని నాకు నిద్ర పట్టలేదమ్మాయ్" అంది చెవిలో. పోకపోవడం కోడలి మంచితనమనే ఆవిడ అనుకుంది.

తరవాత ఆమె బల్లని కోత గది పక్కకి మార్చారు. మధ్యలో గోడకి బదులు పెద్ద అద్దం. సూదులక్క చూడడానికి వచ్చింది.

"లెక్కలమ్మాయికి అద్దాల మేడ కట్టించారు. మొగుడు ఎదురుగా, మామ వెనకగా. ఇంకేం కావాలే నీకు?"

"కిటికీ."

"ఇదేంటి మరి?"

"ఇది బయటికి తెరుచుకోదక్కా."

సూదులక్క అద్దాన్ని వేలితో ఒకసారి తట్టి, తన సూదుల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇప్పుడు కొత్త కడ్డీ వచ్చినప్పుడల్లా అతను దాన్ని రెండు చేతుల్లో ఎత్తి, గంటు వైపు కొస అద్దానికి దగ్గరగా తెచ్చి చూపిస్తాడు. మూతికి గుడ్డ ఉంటుంది కాబట్టి కళ్లు మాత్రమే కనపడతాయి. మొదట్లో ఆ కళ్లు మన్నించమని అడిగేవి. కొన్నాళ్లకి అడగడం మానేశాయి, కడ్డీ సరిగ్గా ఉందా అని మాత్రమే చూసేవి. ఆమె గంటు చూస్తుంది, తల ఎటో చూస్తుంది. చూసి తల ఊపుతుంది. అతను కడ్డీని బిగిస్తాడు, రంపం మొదలవుతుంది. ఆమె కాగితం ముందుకు లాక్కుని, మొదటి బిళ్లలో ఎన్ని ఎలక్ట్రాన్లో రాయడం మొదలుపెడుతుంది.

మంగతాయి, అరవై తొమ్మిదేళ్లు. ఇప్పుడు చిన్నకూతురి దగ్గర, మార్కెట్ వెనక వీధిలో, పై అంతస్తులో ఉంటున్నాను.